స్కూల్లో ఆపద వచ్చిన గంటలో డిస్ట్రిక్ట్ పెద్దలు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమెరికాలో మీ అబ్బాయి చదివే మిడిల్ స్కూల్లో మధ్యాహ్నం లాక్‌డౌన్ పెట్టారు, అంటే ముప్పు ఉందని తలుపులు వేసి పిల్లల్ని లోపలే దాచారు. స్కూళ్ళను నడిపే డిస్ట్రిక్ట్ నుంచి మెసేజ్ వచ్చేసరికి ముప్పావు గంట దాటింది. వచ్చిన మెసేజ్‌లో పిల్లల భద్రతే మాకు ముఖ్యం అన్న మాట తప్ప మరో ముక్క లేదు. ఈలోగా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో కాల్పులు జరిగాయని, ఇద్దరు పిల్లలకు దెబ్బలు తగిలాయని వచ్చేసింది. సాయంత్రానికి అదంతా ఎవరో చేసిన ఉత్తుత్తి బెదిరింపు ఫోన్ అని తేలింది. ఇంత పెద్ద హోదాలో ఉన్న సూపరింటెండెంట్లు ఇలాంటి వేళ ఎందుకలా మాట్లాడతారు, అసలు ఎలా మాట్లాడాలి అని మీ ప్రశ్న.

నేను టెక్సస్‌లో ఒక పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్ కమ్యూనికేషన్స్ ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేశాను. మీకు వచ్చినలాంటి మెసేజ్‌లు రాయడమే నా ఉద్యోగం. అందుకే కాస్త వివరంగా చెబుతాను. ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను: ఆలస్యాన్ని తల్లిదండ్రులు క్షమిస్తారు. ఇంకా తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పి ధైర్యం చెప్పబోతే, అది నిజం కాదని తేలినప్పుడు క్షమించరు. క్షమించక్కర్లేదు కూడా.

ఇండియా నుంచి వచ్చిన వాళ్ళకు ముందు ఒక సంగతి తెలియాలి. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా లాంటిది కాదు, కలెక్టర్ కింద పనిచేసే విద్యాశాఖ ఆఫీసూ కాదు. దేశంలో దాదాపు 13,000 డిస్ట్రిక్టులు ఉన్నాయి. చాలా చోట్ల దేనికది విడి ప్రభుత్వం. ఓటర్లు స్కూల్ బోర్డును ఎన్నుకుంటారు, బోర్డు సూపరింటెండెంట్‌ను నియమిస్తుంది. నగర మేయరు, పోలీసు శాఖ వేరు. కాబట్టి కాల్పులో బెదిరింపో జరిగితే ఏం జరిగిందో ముందు తెలిసేది పోలీసులకు. పిల్లలు ఎక్కడున్నారో తెలిసేది ప్రిన్సిపాల్‌కు. ఫోన్ నంబర్లన్నీ ఉండేది మా ఆఫీసులో. సంతకం పెట్టాల్సింది సూపరింటెండెంట్. ఈ నలుగురూ ఒక గదిలో ఉండరు. మెసేజ్ వీళ్ళందరి మధ్యా తిరిగి మీ ఫోన్‌కు చేరాలి.

ఆలస్యానికి కారణాల్లో కొన్ని న్యాయమైనవే. స్కూలు పేరుతో సహా అన్నీ వెంటనే చెబితే వందల కార్లు అటు పరుగెడతాయి, అంబులెన్సుకు దారి ఉండదు. పిల్లలు ఏ గదిలో ఉన్నారో, ఏ ద్వారం నుంచి బయటికి తెస్తున్నారో చెప్పడం ఒక్కోసారి ప్రమాదం. ఒక పిల్లవాడి క్రమశిక్షణ రికార్డు గురించి నోరు విప్పకుండా 1974 నాటి ఫెర్పా అనే విద్యార్థి గోప్యతా చట్టం కట్టడి చేస్తుంది. ఆ చట్టంలోనే ప్రాణాపాయం వచ్చినప్పుడు వర్తించే మినహాయింపు కూడా ఉంది. కొందరు అధికారులు ఆ మినహాయింపును మరచిపోయి, చట్టాన్ని మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

న్యాయం లేని కారణం ఒకటుంది. అదే ఎక్కువ సమయం తింటుంది. మెసేజ్ ముసాయిదా తయారయ్యాక అసిస్టెంట్ సూపరింటెండెంట్ ఒక పదం మారుస్తారు, లాయరు ఇంకోటి కొట్టేస్తారు, సూపరింటెండెంట్ మీటింగులో ఉంటారు. చివరికి బయటికి వచ్చేది ఎవరికీ ఇబ్బంది కలిగించని, ఎవరికీ పనికిరాని వాక్యం. మీకు వచ్చింది ఈ రకమే. దీనికి మందు ఎప్పుడో ఉంది. ఆపద రాకముందే, తీరిగ్గా ఉన్న రోజుల్లో, మెసేజ్ నమూనాలు రాసిపెట్టుకోవాలి. మొదటి మెసేజ్ పంపే అధికారం ఒక్క మనిషికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ మనిషి ఆ నిమిషంలో ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. బాగా నడిచే డిస్ట్రిక్టుల్లో ఇలాగే చేస్తారు.

మొదటి మెసేజ్‌లో ఏముండాలి? ఏ స్కూలు, పిల్లలు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నారు, తల్లిదండ్రులు ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు చెబుతాం. అంతే. ఉదాహరణకు: "ఫలానా మిడిల్ స్కూల్ 1:10 నుంచి లాక్‌డౌన్‌లో ఉంది. ఒక బెదిరింపు కాల్ వచ్చింది, పోలీసులు స్కూల్లో తనిఖీ చేస్తున్నారు. దెబ్బలు తగిలినట్టు ఇప్పటివరకు మాకు సమాచారం లేదు. దయచేసి స్కూలుకు రావద్దు, పిల్లలకు ఫోన్ చేయవద్దు. మళ్ళీ 1:40కి మెసేజ్ పంపుతాం." 1:40కి కొత్త సంగతి ఏదీ లేకపోయినా, లేదన్న సంగతే పంపాలి. చెప్పిన వేళకు మెసేజ్ వస్తే తల్లి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. రాకపోతే వాట్సాప్ తెరుస్తుంది.

ఆ నమూనాలో "ఇప్పటివరకు మాకు సమాచారం లేదు" అన్న చోట "పిల్లలందరూ క్షేమం" అని రాయాలని ప్రతి అధికారికీ చెయ్యి లాగుతుంది. రాయకూడదు. ఎందుకో యువాల్డే చూపించింది.

2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డేలో రాబ్ ఎలిమెంటరీ స్కూల్లోకి 11:33కి ముష్కరుడు చొరబడ్డాడు. పది నిమిషాల తర్వాత, 11:43కి, డిస్ట్రిక్ట్ సోషల్ మీడియాలో ఒక ప్రకటన పెట్టింది. ఆ ప్రాంతంలో తుపాకి చప్పుళ్ళు వినిపించడంతో రాబ్ లాక్‌డౌన్‌లో ఉందని, విద్యార్థులూ సిబ్బందీ భవనంలో క్షేమంగా ఉన్నారని అందులో ఉంది. ఆ సమయానికే తరగతి గదుల్లో పిల్లల మీద కాల్పులు జరిగాయి. స్కూల్లో ముష్కరుడు ఉన్నాడని డిస్ట్రిక్ట్ ఒప్పుకున్నది 12:17కి. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పోలీసులు లోపలికి దూకడానికి 77 నిమిషాలు పట్టిందన్న సంగతి ప్రపంచమంతా విన్నది. మొదటి మెసేజ్ సంగతి అంతగా వినలేదు. ఫెడరల్ న్యాయ శాఖ 2024 జనవరిలో ఇచ్చిన సుదీర్ఘ నివేదికలో కమ్యూనికేషన్‌కే ఒక అధ్యాయం కేటాయించింది. నా వృత్తిలో ఉన్న ప్రతివాళ్ళూ అది చదవాలి.

అందులో నన్ను ఇప్పటికీ కలచివేసేది మెసేజ్ కూడా కాదు. బతికిన పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించడానికి ఊళ్ళోని సివిక్ సెంటర్‌ను కేంద్రంగా పెట్టారు. బస్సులు వస్తున్నాయి, ఒక్కొక్కరే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతున్నారు. మిగిలిన కుటుంబాలకు ఇంకో బస్సు వస్తోందని చెప్పారు. అలాంటి బస్సు లేదు. చెప్పిన మనిషి దయతోనే చెప్పి ఉండవచ్చు. ఆ దయ ఆ తల్లిదండ్రులకు చేసింది ఏమిటో ఆలోచించండి.

2012 డిసెంబర్ 14న కనెటికట్‌లోని శాండీ హుక్ స్కూల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయిన రోజున కూడా కుటుంబాలు పక్కనే ఉన్న ఫైర్ స్టేషన్‌లో గంటల తరబడి ఎదురుచూశాయి. మృతులను అధికారికంగా గుర్తించేదాకా ఏమీ చెప్పకూడదన్నది పద్ధతి. అక్కడికి వచ్చిన గవర్నర్ డానెల్ మల్లోయ్ ఆ నిరీక్షణను భరించలేక, ఇక ఎవరూ రారని తానే వాళ్ళకు చెప్పారు. ఆయన చేసిన పని సరైందని నేను నమ్ముతాను. అంత పెద్ద హోదా ఉన్నది అలాంటి మాట మోయడానికే.

తర్వాతి రోజుల్లో వచ్చే ప్రమాదం వేరు. అప్పుడు నాయకులకు తమను తాము కాపాడుకోవాలన్న ఆదుర్దా మొదలవుతుంది. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021 నవంబర్ 30న నలుగురు విద్యార్థులు చనిపోయారు. కాల్పులు జరిపిన విద్యార్థిని ఆ ఉదయమే ఒక భయంకరమైన బొమ్మ గీశాడని కౌన్సిలర్ గదికి పిలిపించారు, తల్లిదండ్రులను కూడా రప్పించారు, మళ్ళీ క్లాసుకు పంపేశారు. రెండు రోజులకే సూపరింటెండెంట్ టిమ్ థ్రోన్ విడుదల చేసిన వీడియోలో, క్రమశిక్షణ చర్య తీసుకోవాల్సినదేమీ లేదని చెప్పుకొచ్చారు. ఇంకా అంత్యక్రియలు కాలేదు. విచారణ సరిగ్గా మొదలు కాలేదు. అలాంటప్పుడు "మా తప్పు లేదు" అన్న అర్థం వచ్చే ఏ వాక్యమైనా కుటుంబాల మీద రాయి విసిరినట్టే. 2023లో వచ్చిన స్వతంత్ర దర్యాప్తు నివేదిక డిస్ట్రిక్ట్ లోపాలను గట్టిగానే ఎత్తిచూపింది. మొదటి వారంలో సూపరింటెండెంట్ చెప్పవలసింది ఇంతే: ఏం జరిగిందో బయటివాళ్ళ చేత విచారణ జరిపిస్తాం, నివేదికను మీ ముందు పెడతాం. తీర్పు తాను చెప్పకూడదు.

తుపాకులు లేని ఆపదలే ఎక్కువని కూడా చెప్పాలి. కెంటకీలో లూయివిల్ నగరం ఉన్న జెఫర్సన్ కౌంటీ డిస్ట్రిక్టులో 90 వేలకు పైగా పిల్లలు చదువుతారు. డ్రైవర్ల కొరత వల్ల 2023లో బస్సు రూట్లన్నీ మార్చారు. ఆగస్టు 9, మొదటి రోజు. సాయంత్రం ఇంటికి రావలసిన పిల్లల్లో చివరివాళ్ళు దిగేసరికి రాత్రి 9:58. సూపరింటెండెంట్ మార్టీ పోలియో వీడియోలో నేరుగా క్షమాపణ చెప్పారు, ఇది రవాణా విపత్తు అని తనే అన్నారు, స్కూళ్ళు మూసేశారు. ఎలిమెంటరీ, మిడిల్ స్కూళ్ళు ఆగస్టు 18 దాకా తెరవలేదు.

ఆయన క్షమాపణలో నాకు వంక పెట్టేది లేదు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనలేదు, జరిగింది ఒప్పుకున్నారు. కానీ మర్నాటి వీడియో కంటే ఆ సాయంత్రం నాలుగు నుంచి పది దాకా ఇళ్ళలో ఏం తెలిసిందన్నది పెద్ద విషయం. ఐదేళ్ళ పిల్లవాడు మొదటిసారి బస్సెక్కాడు, ఆ బస్సు ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ కలవదు. అలాంటి సాయంత్రం డిస్ట్రిక్ట్ ఆఫీసులో ఉన్న ప్రతి ఉద్యోగినీ, పైవాళ్ళతో సహా, ఫోన్ల దగ్గర కూర్చోబెట్టాలి. బస్సు నంబరు వారీగా అరగంటకోసారి పరిస్థితి పెట్టాలి. "ఆలస్యాలు ఉన్నాయి, ఓపిక పట్టండి" అని లక్షమందికి ఒకే మెసేజ్ పంపితే ఎవరి ప్రశ్నకూ జవాబు దొరకదు.

2014 జనవరి 28న అట్లాంటాలో రెండు అంగుళాల మంచుకే ఊరంతా స్తంభించి, వేలమంది పిల్లలు రాత్రి స్కూళ్ళలోనే పడుకున్నారు. అప్పుడూ తల్లిదండ్రులు కోరుకున్నది ఇలాంటి చిన్న సంగతులే: నా బిడ్డ తిన్నాడా, ఏ టీచర్ దగ్గర ఉన్నాడు.

నిర్ణయానికి కారణం చెప్పడం గురించి ఒక్క మాట. 2015 డిసెంబర్ 15న లాస్ ఏంజెలెస్ యూనిఫైడ్ డిస్ట్రిక్టుకు ఈమెయిల్ బెదిరింపు వస్తే, సూపరింటెండెంట్ రామన్ కోర్టీనెస్ తెల్లవారగానే అన్ని స్కూళ్ళూ మూసేశారు. ఆరు లక్షలకు పైగా పిల్లలు. అలాంటి ఈమెయిలే న్యూయార్క్‌కూ వచ్చింది, వాళ్ళు ఉత్తిదని తేల్చి స్కూళ్ళు నడిపారు. తర్వాత లాస్ ఏంజెలెస్‌ను చాలామంది వెక్కిరించారు. కానీ ఆయన విలేకరుల ముందుకు వచ్చి తన ఆలోచనను దాచకుండా చెప్పారు: దగ్గర్లోని శాన్ బెర్నార్డినోలో రెండు వారాల కిందటే కాల్పులు జరిగాయి, పిల్లల విషయంలో సాహసం చేయలేను. నిర్ణయంతో ఏకీభవించనివాళ్ళకు కూడా అది ఎలా తీసుకున్నారో తెలిసింది. నా దృష్టిలో అది మంచి కమ్యూనికేషన్.

మెసేజ్‌లు మరీ ఎక్కువైనా ముప్పే. యువాల్డే మెక్సికో సరిహద్దుకు దగ్గర ఊరు. పోలీసులు వెంటాడే కార్లలోంచి మనుషులు దూకి పారిపోయే సంఘటనల వల్లే ఎక్కువగా 2022 ఫిబ్రవరి నుంచి మే వరకే అక్కడ దాదాపు 50 సార్లు హెచ్చరికలు మోగాయి. టెక్సస్ శాసనసభ కమిటీ 2022 జూలై నివేదికలో ఈ సంగతి రాసింది. రోజూ మోగే గంటకు ఎవరూ తల తిప్పరు. అందుకే ఏ స్థాయి ఆపదకు ఏ మాట వాడాలో కచ్చితంగా ఉండాలి. కొలరాడోలో 2006లో జరిగిన స్కూలు దాడిలో కూతురు ఎమిలీని పోగొట్టుకున్న కీస్ దంపతులు పెట్టిన ఫౌండేషన్ ఈ పని చేసింది. వాళ్ళు తయారుచేసిన విధానాన్ని దేశంలో వేల స్కూళ్ళు ఉచితంగా వాడుకుంటున్నాయి. మీ డిస్ట్రిక్ట్ మెసేజ్‌లలో కనిపించే మాటలు చాలావరకు అక్కడివే.

హోల్డ్ అంటే పిల్లలు క్లాసుల్లోనే ఉంటారు, వరండాలు ఖాళీగా ఉంచుతారు. ఎవరికో ఒంట్లో బాగోలేకపోయినా హోల్డ్ పెడతారు. సెక్యూర్ అంటే ముప్పు స్కూలు బయట ఉంది. బయటి తలుపులు వేస్తారు, లోపల పాఠాలు మామూలుగా నడుస్తాయి. లాక్‌డౌన్ అంటే ముప్పు లోపలే ఉందని భావిస్తున్నారు. తలుపులు వేసి, దీపాలు ఆర్పి, పిల్లలు కనిపించకుండా చప్పుడు చేయకుండా ఉంటారు. ఆ సమయంలో మీరు ఫోన్ చేస్తే మోగే శబ్దమే వాళ్ళు ఎక్కడున్నారో బయటపెట్టవచ్చు. ఈ మూడూ తెలిసిన తల్లిదండ్రులకు "సెక్యూర్" అని వస్తే గుండె ఆగిపోదు. చాలా డిస్ట్రిక్టులు ఈ మాటలు వాడతాయి గానీ వాటి అర్థం ఆగస్టులోనే తల్లిదండ్రులకు చెప్పవు. ఇది వాళ్ళ లోపమే.

ఇక మనవాళ్ళ సంగతి. ఫ్రిస్కో, ఇర్వింగ్, కమింగ్, ఎడిసన్ లాంటి చోట్ల ఒక్కో స్కూల్లో ఎంతమంది తెలుగు పిల్లలుంటారో మీకు తెలుసు. అక్కడ మూడు చిక్కులు నాకు మళ్ళీ మళ్ళీ కనిపించాయి.

మొదటిది నంబర్లు. ఉద్యోగం మారి ఊరు మారినప్పుడు, ఫోన్ మార్చినప్పుడు స్కూలు రికార్డులో మార్చరు. మెసేజ్ పంపే వ్యవస్థ ఆ రికార్డులో ఉన్న నంబరుకే పంపుతుంది. నాన్న నంబరు ఒక్కటే ఉండి, ఆయన విమానంలో ఉంటే ఇంట్లో ఎవరికీ తెలియదు.

రెండోది అమ్మమ్మ, తాతయ్య. ఆర్నెల్లకు వచ్చిన పెద్దవాళ్ళు రోజూ బస్టాపు దాకా వెళ్ళి పిల్లల్ని తెస్తారు. కానీ ఆపద రోజున పిల్లల్ని అప్పగించే కేంద్రంలో ఫొటో గుర్తింపు చూసి, రికార్డులో పేరుంటేనే పిల్లవాణ్ణి చేతికిస్తారు. అమ్మా నాన్నా ఇద్దరూ ముప్ఫై మైళ్ళ దూరంలో ఆఫీసులో ఉంటే, తాతయ్య పాస్‌పోర్టుతో వచ్చినా పేరు లేకపోతే ఇవ్వరు. ఆ నియమం మంచిదే, అక్కడ గొడవపడి లాభం లేదు. పేరు ఈ వారమే చేర్పించండి.

మూడోది భాష. పిల్లవాణ్ణి చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. ఇంగ్లీషు రాని పిల్లల క్లాసులో వేస్తారేమోనని మనవాళ్ళు చాలామంది "ఇంగ్లీష్" అని రాస్తారు. దాంతో మీ ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు ఉన్నారని డిస్ట్రిక్టుకు తెలిసే దారి ఒకటి మూసుకుపోతుంది. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం ఇంగ్లీషు సరిగ్గా రాని తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో ముఖ్య సమాచారం అందించే బాధ్యత ఫెడరల్ నిధులు తీసుకునే స్కూళ్ళకు ఉంది. అనువాదకులు కావాలని అడగడానికి మొహమాటపడవద్దు. మెసేజ్‌లు ఏ భాషలో రావాలో చాలా యాప్‌లలో మీరే ఎంచుకోవచ్చు. యంత్రానువాదం ఎలా ఉంటుందో తెలుసు గనక, వాక్యాలు పొట్టిగా రాయమని నేను మా ఆఫీసులో పట్టుబట్టేదాన్ని. పొట్టి వాక్యం తెలుగులోకి వచ్చినా విరగదు.

వాట్సాప్ గురించి మిమ్మల్ని తప్పుపట్టను. అధికారుల నుంచి మాట రానప్పుడు మనుషులు పక్కవాళ్ళను అడుగుతారు, అది సహజం. గ్రూపు నడిపే వాళ్ళు ఒక నియమం పెట్టుకుంటే చాలు: ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అన్నది లేని వార్తను ముందుకు పంపవద్దు. పిల్లలు లోపలి నుంచి పంపిన ఫొటోలు, గది నంబర్లు అసలే వద్దు.

మీ డిస్ట్రిక్టును ఏం అడగాలన్నది చివరిగా. జరిగినదాన్ని సమీక్షించి నివేదిక రాస్తారా, దాన్ని తల్లిదండ్రులకు చూపిస్తారా అని కమ్యూనికేషన్స్ ఆఫీసుకు ఈమెయిల్ రాయండి. మొదటి మెసేజ్ పంపే అధికారం ఎవరికి ఉంది, ఎన్ని నిమిషాల్లో పంపాలని నియమం ఉంది, హోల్డ్, సెక్యూర్, లాక్‌డౌన్ అర్థాలు తల్లిదండ్రులకు ఎప్పుడు చెబుతారు అన్నవి కూడా అదే ఈమెయిల్‌లో పెట్టండి. జవాబు రాకపోతే స్కూల్ బోర్డు సమావేశంలో ప్రజలు మాట్లాడే సమయానికి పేరు నమోదు చేసుకోండి. మామూలుగా రెండు మూడు నిమిషాలిస్తారు. ఒక్కరే వెళ్ళకుండా నాలుగు కుటుంబాలవాళ్ళు వెళ్ళి తలా ఒక ప్రశ్న అడగండి. అక్కడ అడిగింది రికార్డులోకి ఎక్కుతుంది. బోర్డు సభ్యులకు మీ ఓటు కావాలి గనక మర్నాడు సూపరింటెండెంట్‌కు ఫోన్ వెళుతుంది. ఎన్నో నమూనా మెసేజ్‌లు మేం కూర్చుని తిరగరాసింది అలాంటి ఫోన్ల తర్వాతే.